వేలు పడకపోతే తలుపేం చేయాలి? – ఒక కోల్డ్ స్టోరేజీ ప్రాజెక్టు డైరీ

డిసెంబరు చివరి వారం

గుంటూరు శివార్లలో, చిలకలూరిపేట రోడ్డు వైపు ఉన్న ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో బయోమెట్రిక్ తలుపుల పని ఒప్పుకున్నాను. ఫిబ్రవరిలో కొత్త పంట దిగడం మొదలైతే అక్కడ మనిషి నిలబడే చోటుండదు. ఈలోపే పని తేలిపోవాలి. ఓనరు గారి కోరిక ఒక్క ముక్కలో: "అందరి వేళ్లూ ఎక్కించు, అన్ని తలుపులకీ పెట్టు. ఈ తాళాలతో విసిగిపోయా."

ఆయన విసుగుకి కారణం లేకపోలేదు. రికార్డు గది తాళంచెవులు రెండే ఉండాలి. ఇప్పుడు ఎన్ని ఉన్నాయో ఎవరూ గట్టిగా చెప్పలేరు. ఎప్పుడో మానేసిన వాచ్‌మన్ దగ్గర కూడా ఒకటి ఉండిపోయిందంటారు. తాళంచెవికి నకలు చేయించడం పది నిమిషాల పని. పైగా రాత్రి తలుపు తీసిందెవరో తాళం చెప్పదు.

వేలు చదివే రీడర్ల ఊసెత్తకుండా ముందు తలుపుల చుట్టూ తిరిగాను. ఒక్కో తలుపుకీ కాగితం మీద మూడు గళ్లు గీసుకున్నాను. లోపల ఏముంది? ఎవరు వెళ్లాలి? మిషను ఆ మనిషిని గుర్తుపట్టకపోతే తలుపేం చేయాలి? మూడో గడి నిండేదాకా ఒక్క వైరు కూడా లాగనన్నాను. రీడరు అర సెకనులో గుర్తుపడుతుందని అమ్మేవాళ్లు చెబుతారు. గుర్తుపట్టని మనిషి ఎండలో వేలు తుడుచుకుంటూ నిలబడే సంగతి బ్రోచర్‌లో ఉండదు.

తిరిగి తిరిగి లెక్కకు మూడు తలుపులే మిగిలాయి. మొదటిది రికార్డు గది. రైతు మిర్చి నిలవ పెడితే అతని చేతికి బాండు ఇస్తారు, ఆ బాండు మీద బ్యాంకు అప్పిస్తుంది. ఆ పుస్తకాలూ స్టాకు రిజిస్టర్లూ ఆ గదిలోనే ఉంటాయి. టిక్కీ, అంటే మిర్చి బస్తా, పోతే ఒక టిక్కీ డబ్బే పోతుంది. రిజిస్టరులో ఒక పేజీ మారితే లారీ సరుకు మాయమైనట్టే. రెండోది మిషన్ రూము, అంటే అమ్మోనియా కంప్రెసర్లు ఉండే చోటు. మూడోది ఛాంబర్లకు ముందుండే నడవ తలుపు. రాత్రిపూట మంచి తేజ రకం టిక్కీ పక్కకు లాగి, తాలు (నాసి కాయ) కలిపింది పెట్టేయకుండా ఇక్కడ కాపలా కావాలి.

మిగతావి కొట్టేశాను. తొడిమలు తీసే షెడ్డుకి బయోమెట్రిక్ ఎందుకు? అక్కడ ఎత్తుకుపోవాల్సినది ఘాటు తప్ప ఏముంది? ఛాంబర్ల తలుపులకైతే అసలే వద్దన్నాను. లోపల మనిషి ఉండగా తలుపు మూసుకుపోతే, లోపలి నుంచి తోసుకుని బయటపడే ఏర్పాటు దానికి ఇప్పటికే ఉంది. ఆ తలుపు మీద ఎలక్ట్రానిక్ సరుకేదీ చేరకూడదు.

"మూడు తలుపులకేనా? ఇంకొకాయన ఏడు ఫేస్ మిషన్లకి కొటేషన్ ఇచ్చాడే" అన్నారు ఓనరు గారు. ఇస్తాడు మరి.

జనవరి మొదటి వారం

మిషన్ రూముతో మొదలుపెట్టాను, కష్టమైనది అదే కాబట్టి.

ఇక్కడి శీతలీకరణంతా అమ్మోనియాతోనే. గాలిలో కొన్ని పీపీఎంలు (పది లక్షల భాగాల్లో కొన్ని) ఉన్నా ముక్కు పట్టేస్తుంది, అదొక్కటే దాని మంచి గుణం. 300 పీపీఎంకి చేరితే ప్రాణాపాయమని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ గీత గీసింది. 2020 జూన్‌లో నంద్యాల దగ్గర ఒక ఫ్యాక్టరీలో అమ్మోనియా లీకై మనిషి చనిపోయిన వార్త ఇక్కడి ఆపరేటర్లెవరూ మర్చిపోలేదు. అలాంటి గదికి తాళం వేయడమంటే, బయటివాణ్ణి ఆపడం ఎంత ముఖ్యమో లోపలివాణ్ణి ఆపకపోవడం అంతకన్నా ముఖ్యం.

సీనియర్ ఆపరేటరు బాబాయ్‌తో కూర్చున్నాను. ముప్పై ఏళ్ల పైబడి ఇదే పని. "అబ్బాయ్, గ్యాసు కొట్టినప్పుడు కళ్లు తెరవలేం. నువ్వు పెట్టే బటనెక్కడుందో వెతుక్కోవాలా నేను?" అన్నాడు. ఆ ఒక్క ప్రశ్నతో డిజైను సగం తేలిపోయింది.

మామూలుగా ఇలాంటి పనుల్లో చవగ్గా వేసేది అయస్కాంతపు తాళం. 12 వోల్టులు, అర ఆంపియరు కరెంటు ఇస్తే 270 కేజీల లాగుడుకి ఆగుతుంది. కరెంటు పోతే ఊడుతుంది. లోపలి నుంచి రావాలంటే గోడ మీది బటను నొక్కాలి. కళ్లు మండుతున్న మనిషికి ఆ బటను దొరకాలి, దొరికినా వైరు తెగి ఉండకూడదు, కరెంటు తెంచే రిలే స్విచ్చు అతుక్కుపోయి ఉండకూడదు. ఇన్ని "కూడదు"ల మీద ప్రాణం పెట్టలేం. అందుకని ఇక్కడ అయస్కాంతం వేయలేదు. తలుపు లోపలి వైపు అడ్డంగా, నడుము ఎత్తున ఒక తోపుడు కడ్డీ బిగించాం. ఒంటితో ఆనుకుంటే చాలు, తలుపు బయటికి తెరుచుకుంటుంది. దానికి కరెంటుతో పనిలేదు, సాఫ్ట్‌వేర్‌తో అంతకన్నా లేదు. బయటి వైపు మాత్రం ద్వారబంధంలో ఎలక్ట్రిక్ స్ట్రయిక్, అంటే గడియ నాలుకని పట్టి ఉంచే కరెంటు పట్టు, పెట్టాం. రీడరు ఒప్పుకుంటేనే అది నాలుక వదులుతుంది. కరెంటు పోతే బయటి నుంచి మూసే ఉంటుంది, లోపలి నుంచి ఎప్పటిలా తెరుచుకుంటుంది.

ఇంకో సంగతి. తేమ తోడైతే అమ్మోనియా రాగిని తినేస్తుంది. ఈ ప్లాంట్లలో పైపులన్నీ ఇనుపవే ఉండేది అందుకే. సర్క్యూట్ బోర్డు మీదున్నదీ రాగే, వైర్లలో ఉన్నదీ రాగే. కాబట్టి తలుపు తీయాలో వద్దో నిర్ణయించే కంట్రోలరు, పవర్ సప్లై రెండూ ఆఫీసు వైపు గోడకి పోయాయి. మిషన్ రూము బయట రీడరు, తలుపులో స్ట్రయిక్, తలుపు మూసుందో లేదో చెప్పే చిన్న సెన్సారు మాత్రం ఇక్కడ ఉంటాయి. లోపలికి తిరిగిన వైరు జాయింట్లన్నిటికీ జెల్ నింపిన కనెక్టర్లు వేశాం.

సంక్రాంతికి ముందు

వైర్ల పని. రాయడానికి పెద్దగా ఏమీ లేదు కానీ ఒక విషయం ఇక్కడ పెట్టాలి. ఇలాంటి పనులు చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది ఇదే.

ఊళ్లో చాలాచోట్ల గోడ బయట ఒకే డబ్బా ఉంటుంది. వేలు చదివేదీ అదే, నిర్ణయించేదీ అదే, తాళానికి కరెంటు ఇచ్చే రిలే కూడా అందులోనే. నాలుగు స్క్రూలు ఊడదీసి, వెనక రెండు వైర్లు కలిపితే తలుపు తెరుచుకుంటుంది. వేలిముద్ర టెక్నాలజీ ఎంత గొప్పదైతే ఏం లాభం? బయట చదివేది మాత్రమే ఉండాలి. నిర్ణయించేది లోపల, మూసిన గదిలో ఉండాలి.

బయటి రీడరుకీ లోపలి కంట్రోలరుకీ మధ్య మాట్లాడే భాష కూడా చూడాలి. ఇప్పటికీ ఎక్కువగా వాడేది వీగాండ్. రెండు వైర్ల మీద 26 బిట్లు పోతాయి. అందులో 8 బిట్లు సైటు నంబరు, 16 బిట్లు మనిషి నంబరు, రెండు సరిచూసే బిట్లు. ఎన్‌క్రిప్షన్, అంటే మాటని రహస్యంగా మార్చి పంపడం, లేదు. రీడరు వెనక వైరుకి చిన్న బోర్డు తగిలించి ఆ బిట్లు పట్టుకుని, రేపు మళ్లీ పంపిస్తే కంట్రోలరు తలుపు తీస్తుంది. వేలు అక్కర్లేదు. పైగా రీడరుని గోడ నుంచి పీకేసినా కంట్రోలరుకి తెలీదు, ఎందుకంటే మాట ఒకవైపే నడుస్తుంది. మేం ఓఎస్‌డీపీ అనే ఇంకో భాష ఉన్న రీడర్లు తెప్పించాం. ఆర్‌ఎస్-485 అనే వైర్ల లైను మీద రెండు వైపులా మాట నడుస్తుంది, ఆ మాటకి ఏఈఎస్-128 ఎన్‌క్రిప్షన్‌తో తాళం పడి ఉంటుంది, రీడరు జవాబివ్వకపోతే ఆఫీసులో బజరు మోగుతుంది. అయితే డబ్బా నుంచి తీసి తగిలిస్తే ఆ సెక్యూర్ మోడ్ దానంతటదే పని మొదలుపెట్టదు. డబ్బాతో వచ్చిన ఎన్‌క్రిప్షన్ కీని మార్చి, సెక్యూర్ మోడ్ ఆన్ చేయాలి. ఆ సెట్టింగు వదిలేసి వెళ్తే ఖరీదైన వీగాండ్ కొన్నట్టే.

నడవ వైపు గోడకి బెజ్జం వేయాల్సి వచ్చినప్పుడు ఓనరు గారు స్వయంగా వచ్చి నిలబడ్డారు. ఆయన భయం నిజమే. ఆ గోడ లోపల థర్మోకోలు, దాని మీద తేమ ఆపే పొర ఉంటాయి. చిన్న బెజ్జం వదిలేసినా బయటి తేమ లోపలికి చేరి ఇన్సులేషన్‌లో నీరుగా మారుతుంది, కొన్నేళ్లకి ఆ గోడ దేనికీ పనికిరాదు. వీలైనంతవరకు వైరుని వెచ్చటి వైపే తిప్పాం. తప్పనిచోట పైపు పెట్టి, రెండు చివర్లా సీలెంట్ నింపాం. కేబులు రీడరులోకి పైనుంచి రాకూడదు. కిందికి వంపు తిప్పి మళ్లీ పైకి తీసుకెళ్తే, దాని మీద చేరిన నీరు వంపు దగ్గరే కారిపోతుంది.

సంక్రాంతి తర్వాత

వేళ్లు ఎక్కించే కార్యక్రమం. టీ, బిస్కెట్లు, గుమాస్తా గారి రిజిస్టరు, నా లాప్‌టాప్.

ఓనరు గారి లిస్టులో హమాలీలు, తొడిమలు తీసే కూలీలు కూడా ఉన్నారు. వద్దని అప్పటికే చెప్పాను, కానీ ఆయనకు కళ్లతో చూస్తే గానీ నమ్మకం కుదరదు. సరే, ఇష్టపడి ముందుకొచ్చిన కొందరి వేళ్లని ఏమీ సేవ్ చేయకుండా ఉత్త పరీక్షగా చూశాం. దీనికి బ్రహ్మాండమైన పరికరం గుమాస్తా గారి బల్ల మీదే ఉంది: బాండు మీద రైతుల వేలిముద్రలు వేయించే సిరా ప్యాడ్. తెల్ల కాగితం మీద ముద్ర వేయించి భూతద్దంతో చూస్తే, మిషను ఏం చూడబోతుందో ముందే తెలిసిపోతుంది. గీత ఎక్కడ ఆగింది, ఎక్కడ రెండుగా చీలింది అన్న గుర్తులే రీడరు లెక్కకు తీసుకుంటుంది. గుమాస్తా గారి బొటనవేలు అచ్చులో పోసినట్టుంది. నలభై కేజీలు దాటిన టిక్కీలను ఏళ్ల తరబడి కొక్కెం వేసి లాగిన హమాలీల వేళ్ల మీద గీతలకన్నా కాయలు, గాట్లే ఎక్కువ. తొడిమలు తీసే అక్కల సంగతి ఇంకా ఘోరం. బొటనవేలు, చూపుడువేలు కొసల్లో రోజంతా అదే రాపిడి. గీతలు అరిగి నున్నగా అయిపోయాయి. మంటకి రాసుకున్న కొబ్బరినూనె సరేసరి, గాజు మీద మరకే పడుతుంది.

"రేషను కాడ కూడా ఇంతేనయ్యా. మా అమ్మాయి వేలు పెడితేనే బియ్యం" అంది ఒకావిడ నవ్వుతూ.

ఆధార్‌లో పది వేళ్లతో పాటు రెండు కళ్ల ఐరిస్ కూడా తీసుకున్నది ఇలాంటి చేతులున్న దేశం కాబట్టి కూడా. ఐరిస్ రీడరు పెట్టొచ్చు కదా అని ఓనరు గారు అడిగారు. పెట్టొచ్చు. ఖరీదు సంగతి అటుంచితే, మిర్చి ఘాటుకి కళ్లు నీళ్లు కారే మనిషిని కళ్లు పెద్దవి చేసి కెమెరాలోకి చూడమనాలి. ఫేస్ రీడరు? గన్నవరం ఎయిర్‌పోర్టులో డిజియాత్ర గేటు ముఖం చూసి తెరుచుకుంటుంది, నిజమే. అక్కడ లైటింగ్ వాళ్ల చేతిలో ఉంటుంది, జనం తీరిగ్గా నిలబడతారు. ఇక్కడ ప్రతి హమాలీ ముక్కూ నోరూ కలిపి తువ్వాలు చుట్టుకుంటాడు. తలుపు దగ్గరికొచ్చిన ప్రతిసారీ దాన్ని విప్పమంటే మర్నాడే హమాలీల ముఠా మొత్తం పని ఆపేస్తుంది, ఆపడం న్యాయం కూడా.

ముఠా మేస్త్రి గారు మాత్రం వేరే ప్రశ్న వేశారు. "ఇది ఆధార్‌కి అంటుకుంటదా? రేపు పింఛన్లకి గానీ దేనికి గానీ అడ్డమొస్తదా?" అంటుకోదని చెప్పాను. ఇక్కడి రీడరు ఎక్కడికీ ఫోన్ చేయదు, కంట్రోలరుకి ఇంటర్నెట్ లేదు. ప్రైవేటు కంపెనీలు ఆధార్ ధ్రువీకరణ ఇష్టమొచ్చినట్టు వాడుకోకుండా 2018 సెప్టెంబరులోనే సుప్రీంకోర్టు గీత గీసిందని కూడా చెప్పాను. ఆయన తల ఊపారు కానీ పూర్తిగా నమ్మినట్టు లేదు. ఎందుకు నమ్మాలి?

చివరికి ఎక్కించింది ఆపరేటర్లు, గుమాస్తాలు, సూపర్‌వైజర్లు, ఓనరు గారి ఇంటివాళ్లు. హమాలీల వేళ్లు ఒక్కటీ లేవు. ఎక్కించిన వాళ్లందరికీ తెలుగులో ఒక కాగితం ఇచ్చాం: ఏం తీసుకుంటున్నాం, ఏ తలుపు కోసం, ఎక్కడ ఉంటుంది, పని మానేస్తే ఎప్పుడు చెరిపేస్తాం. 2023 డేటా రక్షణ చట్టం ఉంది కాబట్టి కాగితం ఉండాలని ఓనరు గారికి చెప్పాను. చట్టం లేకపోయినా రాయించేవాణ్ణి. తాళంచెవి పోతే తాళం మారుస్తాం. వేలు పోతే ఏం మారుస్తాం?

జనవరి చివర

ఓనరు గారికి లెక్క చెప్పి కార్డు ఒప్పించిన రోజు.

ఆయనకి కార్డులంటే గిట్టదు. "వేలుంటే కార్డెందుకు?" అని. లెక్క ఇలా చూపించాను. మంచి రీడరు ఒక వేలుని ఇంకో వేలనుకునే అవకాశం లక్షకి ఒకటి అనుకుందాం. వినడానికి అద్భుతం. కానీ ఉత్త వేలు పెడితే మిషను దాన్ని జాబితాలో ఉన్న ప్రతి ముద్రతోనూ పోల్చాలి. అరవై మంది, మనిషికి రెండు వేళ్లు, మొత్తం 120 ముద్రలు. అంటే లక్షకి ఒకటి కాదు, లక్షకి 120. ఊరూపేరూ లేని మనిషి ఎనిమిది వందల సార్లకి ఒకసారి లోపలికి పోగలడు. అందరినీ ఎక్కించమని ఆయన పట్టుబట్టిన కొద్దీ ఆ అవకాశం పెరుగుతుంది. ముందు కార్డు చూపిస్తే మిషను ఒక్కరి ముద్రతోనే పోలుస్తుంది, లెక్క మళ్లీ లక్షకి ఒకటి దగ్గరికొస్తుంది. కార్డు పోగొట్టుకున్నా దొరికినవాడికి వేలు లేదు.

కార్డుతో ఇంకో లాభం ఉంది. ముద్ర తాలూకు డేటాని కంట్రోలరులో కాకుండా ఆ మనిషి కార్డులోనే పెట్టొచ్చు. రికార్డు గది వాళ్లకి అలాగే చేశాం. అమెరికాలో ప్రభుత్వ ఉద్యోగుల వ్యవహారాలు చూసే ఓపీఎం నుంచి 56 లక్షల మంది వేలిముద్రలు దొంగల పాలయ్యాయని 2015లో బయటపడింది. ఒకేచోట పోగేస్తే వచ్చే తంటా అది. మన దగ్గరున్నవి పదులే అయినా, పోగేయకుండా ఉండే దారి ఉన్నప్పుడు పోగేయడం ఎందుకు?

తర్వాత దొంగ వేళ్ల పరీక్ష. 2002లో జపాన్ పరిశోధకుడు త్సుతోము మత్సుమోతో బృందం జెలటిన్‌తో చేసిన వేళ్లు అప్పటి రీడర్లలో చాలావాటిని మోసం చేశాయి. అంత దూరం పోనక్కర్లేదు. 2018లో మన పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల దుకాణదారు, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఉన్న భూమి దస్తావేజుల మీది వేలిముద్రలతో రబ్బరు స్టాంపుల్లాంటివి చేయించి, వాటితో ఆధార్ మీద సిమ్‌లు యాక్టివేట్ చేసి పట్టుబడ్డాడు. ఈ కథ చెబుతుంటే గుమాస్తా గారు ఒక్కసారి వెనక్కి తిరిగి బీరువా వైపు చూశారు. ఆ రికార్డు గది నిండా ఉన్నవి వేలిముద్రలే! బాండ్ల మీద రైతులవి, సాక్షి సంతకాల చోట ఇక్కడి మనుషులవి. వేలుతో తెరిచే తలుపు వెనక, సిరాతో అచ్చు వేసిన వేళ్లు వరసగా పేర్చి ఉన్నాయన్నమాట. పైగా బాండు రెండో ప్రతి రైతు ఇంట్లో ఉంటుంది. రికార్డు గదికి ఉత్త వేలు చాలదని వాదించాల్సిన పని ఇక లేకపోయింది.

ఈ సందర్భంలో ఒక పాత ముచ్చట. కాగితం మీద చేతి ముద్ర వేయించి ఒప్పందం ఖాయం చేసుకునే పద్ధతిని 1858లో బెంగాల్లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే కంపెనీ కాలపు అధికారి మొదలుపెట్టాడు, రోడ్డు కంకర కాంట్రాక్టు కోసం. ప్రపంచంలోనే తొలి వేలిముద్రల బ్యూరోల్లో ఒకటి 1897లో కలకత్తాలో పెట్టారు. ముద్రల్ని వర్గాలుగా విడగొట్టే పద్ధతిలో అసలు చాకిరీ అజీజుల్ హక్, హేమచంద్ర బోస్‌లది, పేరు మాత్రం వాళ్ల పై అధికారి హెన్రీది. కంకర కాంట్రాక్టు నుంచి మిర్చి బాండు దాకా పెద్ద దూరమేమీ లేదు.

మా రీడరుకి జిగురు పొరతో చేసిన నకలు వేలు చూపించాం. ఒప్పుకోలేదు. గాజు మీద మిగిలిన నూనె ముద్ర మీద వేలికి తొడిగే ఖాళీ కవరు పెట్టి నొక్కాం. దానికీ ఒప్పుకోలేదు. దీన్ని పట్టుకుని మోసానికి లొంగదని రాసివ్వమంటే రాయను. ఈ రెండింటికి లొంగలేదు, అంతవరకే.

ఫిబ్రవరి మొదటి పక్షం

మిషను గుర్తుపట్టకపోతే తలుపేం చేయాలన్న మూడో గడిలో రాసుకున్న జవాబులు ఇప్పటికి తలుపులకెక్కాయి. ఏ తలుపు జవాబు దానిది.

రికార్డు గదిలో కార్డు, వేలు రెండూ కుదరాలి. వేలు పడకపోతే తలుపు తెరుచుకోదు. పిన్ లేదు, బతిమాలడం లేదు. అత్యవసరమైతే సీలు వేసిన కవరులో ఒక తాళంచెవి ఉంది, ఇద్దరు సంతకం పెట్టి చింపాలి. ఒక గంట ఆలస్యమైతే బాండ్లకేమీ కాదు.

మిషన్ రూము దానికి పూర్తిగా ఎదురు. ఆపరేటరు చేతికి కంప్రెసరు నూనె ఉంటుంది, కండెన్సరు నీళ్లుంటాయి. వేలు ఒక్కసారి పడకపోతే వెంటనే కార్డు, పిన్ అడుగుతుంది, తలుపు తీస్తుంది, ఆఫీసులో చిన్న బజరు మోగి, తలుపు ఎవరెప్పుడు తీశారో మిషను రాసుకునే జాబితాలో ఆ వరస ఎర్రగా పడుతుంది. అనుమానం తర్వాత తీర్చుకోవచ్చు. ప్రెషరు పెరుగుతున్నప్పుడు వాల్వు దగ్గరికి వెళ్లాల్సిన మనిషిని గాజు తుడుచుకుంటూ బయట నిలబెట్టకూడదు. ఇదే భద్రతకి చిల్లు అని ఓనరు గారి అల్లుడు గారు అన్నారు, ఆయన బెంగళూరులో సాఫ్ట్‌వేర్. చిల్లే. తెలిసి పెట్టిన చిల్లు, బజరు కట్టిన చిల్లు.

నడవ తలుపుకి అయస్కాంతపు తాళం. ఇక్కడ కరెంటు పోతే ఊడిపోవడమే కావాలి, లోపల ముఠా ఉంటుంది కాబట్టి. అగ్గి అలారం మోగినా ఊడుతుంది. లోపలి వైపు అద్దం పగలగొట్టే ఎమర్జెన్సీ డబ్బా పెట్టాం. దాని వైరు కంట్రోలరుకి వెళ్లి "తీయమంటారా" అని అడగదు, తాళానికి పోయే కరెంటునే నేరుగా తెంచేస్తుంది. కంట్రోలరు కొయ్యబారినా అది పనిచేస్తుంది. పగలు లోడింగ్ ఉన్నంతసేపూ సూపర్‌వైజరు తన కార్డు, వేలుతో తలుపుని "ఫ్రీ"లో పెడతాడు. సాయంత్రం మూస్తాడు. ఇది కాదని హమాలీలకి కార్డులిస్తే ఒకడు తీస్తాడు, పదిమంది దూరతారు, పదకొండోవాడు తలుపుకి ఇటుక అడ్డం పెడతాడు. ఇటుకకి వేలిముద్ర ఉండదు. రాత్రి మాత్రం తలుపు అర నిమిషం మించి తెరిచి ఉంటే వాచ్‌మన్ దగ్గర హారన్.

కరెంటు తీసి పరీక్షించాం. బ్యాటరీ 12 వోల్టులు, 7 ఆంపియర్-అవర్. తాళం, రీడర్లు, కంట్రోలరు కలిసి రెండు ఆంపియర్ల దాకా లాగితే కాగితం లెక్కకి మూడున్నర గంటలు. నిజంగా అంత రాదు, ఏడాది పోతే అందులో సగమే వస్తుంది. జనరేటరు నిమిషంలో ఎక్కుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. కానీ జనరేటరు ఎక్కే క్షణంలో వోల్టేజీ ఊగి కంట్రోలరు రీస్టార్ట్ కావడం చూశాం. బ్యాటరీ వైపు నుంచే కంట్రోలరుకి ఫీడు ఇచ్చి, తాళం కాయిలు మీద డయోడ్ తగిలించాక సర్దుకుంది.

మంచు సంగతి కూడా తేలింది. నడవ గోడ చల్లగా ఉంటుంది. తెల్లవారుజామున తలుపు తీయగానే బయటి తడిగాలి తగిలి రీడరు గాజు మీద పొగలాగా పట్టేస్తోంది. రీడరుని గోడకి అంటించకుండా వెనక ఫోమ్ వేసి, బయటి వెచ్చటి వైపుకి మార్చాం. చలిలోంచి వచ్చిన చేతుల వేళ్లు ఎండి, రక్తం తగ్గి సరిగ్గా పడవు. దానికి మందు రెండు చేతులూ రుద్దుకోవడమే, అంతకన్నా పెద్ద టెక్నాలజీ నా దగ్గర లేదు. కారపు దుమ్ముని తడిగుడ్డతో తుడవొద్దని బోర్డు రాయించాం. తడిగుడ్డ దుమ్ముని పేస్టు చేసి అంచుల్లోకి తోస్తుంది. పొడి మెత్తటి గుడ్డ చాలు.

మార్చి

సీజను ముమ్మరంగా ఉంది. గుంటూరు మిర్చి యార్డుకి రోజుకి లక్ష టిక్కీలు దాటి వస్తున్న రోజులివి. ఇక్కడ రోడ్డు మీద లారీల వరస.

తలుపుల జాబితా ప్రింటు తీసుకుని బాబాయ్‌తో కూర్చున్నాం. మిషన్ రూములో ఎర్ర వరసలు ఎక్కువగా ఎప్పుడు పడ్డాయా అని చూస్తే, షిఫ్టు మొదట్లో దాదాపు లేవు, చివర్లో ఉన్నాయి. నూనె, నీళ్లు, అలసట. అనుమానించడానికేమీ లేదు. ఒక ఆపరేటరుకి మాత్రం రోజూ పడట్లేదు. కుడి బొటనవేలు మీద పాత కాలిన మచ్చ. ఎడమచేతి ఉంగరపు వేలు ఎక్కించాం, ఆ వేలు పనిలో తక్కువ అరుగుతుంది. ఇప్పుడు పడుతోంది. గుర్తుపట్టే గీత, అంటే థ్రెషోల్డ్, కొంచెం తగ్గిస్తే అందరికీ సుఖం కదా అని సూపర్‌వైజరు అన్నాడు. ఒకరి వేలి కోసం తలుపు మొత్తాన్ని వదులు చేయలేం. వేలు మార్చుకోవడం తేలిక.

గుమాస్తాలలో ఒకరు మానేశారు. కార్డు వెనక్కి తీసుకుని, వేరే తలుపులకున్న ఆయన ముద్రలు చెరిపి, చెరిపినట్టు ప్రింటు తీసి ఆయన చేతికే ఇచ్చాం. ఆయనకి అదేదో వింతగా అనిపించింది. అయినా మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఓనరు గారు కొత్త ఆలోచనతో వచ్చారు: ఇదే మిషనుతో ముఠా హాజరు కూడా తీసేద్దామని. ముఠాకి కూలి టిక్కీ లెక్కన ఇస్తారు, హాజరుతో పనేముంది? ఉన్నా వాళ్ల వేళ్లు పడవు, పడినా తలుపు కోసమని రాసిచ్చిన కాగితం కూలి లెక్కకి చెల్లదు. మేస్త్రి గారి చెవిన పడకముందే ఆ మాట అక్కడికి ఆపమన్నాను. ప్రస్తుతానికి ఆపారు.

మిగిలిన పని ఒకటే. మిషన్ రూములో అమ్మోనియా సెన్సారు పెట్టి దాన్ని కంట్రోలరుకి కలపాలి. గ్యాసు హద్దు దాటితే ఫ్యాన్లు ఎక్కాలి, ఎర్ర లైటు వెలగాలి, బయటి నుంచి కార్డుకీ వేలుకీ పిన్‌కీ కూడా తలుపు తెరుచుకోకూడదు. లోపలి కడ్డీ మాత్రం ఎప్పటిలాగే. మరి లోపల పడిపోయిన మనిషి కోసం బయటివాడు ఎలా వెళ్లాలి? తాళంచెవిని గాలి సిలిండరు మాస్కు ఉండే పెట్టెలోనే తగిలిద్దామన్నాడు బాబాయ్. తాళం కోసం పోయినవాడి చేతికి ముందు మాస్కు తగులుతుంది. అంతకన్నా మంచి ఆలోచన నాకు తట్టలేదు. పెట్టెకి అద్దం తలుపు చేయించమని వడ్రంగికి చెప్పాం, సెన్సారుకి ఆర్డరు పెట్టాను. మేలో యార్డుకి వేసవి సెలవులిచ్చినప్పుడు మూడు షిఫ్టుల ఆపరేటర్లనీ పిలిచి కళ్లకు గంతలు కట్టి నడిపించి చూడాలి.